ఆస్తిపతిగారి చేతులు

1968 ఫిబ్రవరి 11, ఆదివారం. విజయనగరం. ఎండ, మధ్యాహ్నం తర్వాత గాలి.
ఉన్నవారు: నేను, మా అక్క, మా బావ, డాక్టరుగారు. వీధికి అవతల కాళ్ళమ్మ.

ఆనాటి డైరీ పేజీలో ఇంతే ఉంది. ఉద్యోగంలో చేరిన నాటినుంచి ప్రతిరోజూ పడుకోబోయే ముందు ఆ రోజు సంగతులు వరసగా రాసిపెట్టుకోవడం నా అలవాటు. జ్వరం వచ్చిన రోజుల్లో కూడా మానలేదు. ఆ పేజీ మాత్రం హాజరు వేసి వదిలేశాను. తర్వాత ఎన్నోసార్లు రాద్దామని తెరిచాను. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక మూసేశాను.

మొన్న డాక్టరుగారు పోయారని తెలిసింది. బరంపురంలో కూతురి దగ్గర ఉంటున్నారు. భోజనం చేసి కాసేపు నడుం వాల్చి మరి లేవలేదట. కబురు చెప్పినవాడు ఆయన అసలు పేరు చెబితే నాకు ఎవరో వెంటనే తట్టలేదు. "అదేనండీ, మన ఆస్తిపతిగారు" అన్నాడు. అప్పుడు తెలిసింది. మొహం కంటే ముందు ఆయన చేతులు కళ్ళముందుకొచ్చాయి. మట్టి కొట్టుకుని ఉన్నాయి.

ఆస్తిపతి అన్న పేరు ఊరు పెట్టింది. ఆయన ఇంగ్లండులో నేర్చుకొచ్చిన విద్య పేరు ఆస్టియోపతి. వెన్ను, కీళ్ళు, కండరాలు, ఊపిరి అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయని, ఒకచోట బిగిస్తే ఇంకోచోట లాగుతుందని, ఆ బిగుతు ఎక్కడుందో చేతులతో వెతికి వదిలించాలని ఆ వైద్యం చెబుతుంది. ఆయన వరండాకు వేలాడదీసిన బోర్డుమీద ఆ పేరు పెద్ద తెలుగు అక్షరాలతో రాయించారు. చదువు వచ్చీరానివాళ్ళు దాన్ని ఆస్తిపతి అని చదివేవారు. పక్కనే రిజిస్ట్రారాఫీసు. నేను అందులో గుమాస్తాని. భూమి తగాదాలతో వచ్చిన పల్లెటూరివాళ్ళు ఈయనెవరో మా రిజిస్ట్రారుకన్నా పెద్ద అధికారి అనుకుని, దస్తావేజులు పట్టుకుని తిన్నగా ఆయన వరండా ఎక్కేవారు.

ఆయన విసుక్కునేవారు కారు. కూర్చోబెట్టి, చెప్పినదంతా వినేవారు. ఒకసారి చీపురుపల్లి వైపునుంచి ఒక పెద్దమనిషి వచ్చి, తమ్ముడు గట్టు జరిపేశాడని చాలాసేపు చెప్పుకున్నాడు. డాక్టరుగారి చూపు కాగితాలమీద లేదు. ఆ మనిషి బల్లమీద ఒక పక్కకే బరువు వేసి కూర్చున్న తీరుమీద ఉంది. అంతా అయ్యాక, మీ గట్టు సంగతి నాకు తెలియదు గానీ మీ కుడికాలు ఎన్నాళ్ళనుంచి తిమ్మిరెక్కుతోంది అని అడిగారు. ఆ రైతు తెల్లబోయి కాగితాలవంక చూసుకున్నాడు.

"అది కూడా దస్తావేజులో రాసీసున్నాదేటి బాబూ?"

అలాంటివాళ్ళని మా ఆఫీసుకు దారి మళ్ళించడానికి నన్ను పిలిపించేవారు. మా పరిచయం అలా మొదలైంది. ఖాళీ దొరికినప్పుడల్లా వెళ్ళి ఆయన వరండాలో కూర్చోవడం నాకు అలవాటైపోయింది.

ఆయన రోగి మొహం చూసేలోపల మెట్ల దగ్గర విడిచిన చెప్పులు చూసేవారు. ఏ మడమ ఎటువైపు అరిగిందో చూసి, లోపలికి వచ్చేసరికి సగం తేల్చుకుని ఉండేవారు. చలికాలంలో చేతులకు పాత ఉన్ని మేజోళ్ళు తొడుక్కునేవారు. కాళ్ళకు తొడుక్కోవలసినవి చేతులకు తొడుక్కున్నారని వీధిలో పిల్లలు వెంటపడి నవ్వినా లెక్కచేసేవారు కారు. చల్లటి చేత్తో ముట్టుకుంటే ఒళ్ళు తలుపేసుకుంటుందండీ అనేవారు. వైద్యం మొదలుపెట్టే ముందు వేడి కాఫీ గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చునేవారు. కాఫీ తాగేవారు కారు. వేడి దిగాక ఆ గ్లాసు నాకిచ్చేసేవారు. ఆయన దగ్గర నేను తాగిన కాఫీలన్నీ చల్లారినవే.

బడిపంతులు తలనొప్పి అని వస్తే మెడ చూసేవారు. దర్జీ చెయ్యి లాగుతోందంటే వీపు చూసేవారు. ఆయాసంతో వచ్చే ఒకావిడకు పక్కటెముకల మధ్య మెల్లగా వేళ్ళు ఆడించి, ఊపిరి లోతుగా తీయడం నేర్పేవారు. డాక్టరు రాసిన మందు మాత్రం మానొద్దని ప్రతిసారీ చెప్పి పంపేవారు. నొప్పి ఉన్నచోట చెయ్యి వెయ్యరేమని ఒకసారి అడిగాను.

"నొప్పి చాడీకోరుదండీ. తన్నినవాణ్ణి వదిలేసి పక్కవాడి పేరు చెబుతుంది" అన్నారు.

ఏ మనిషి వెన్నునైనా నొక్కబోయే ముందు ఒకటే మాట, ఊపిరి వదలండి అని. ఆ ఊపిరి పూర్తిగా బయటికి వెళ్ళేదాకా చేతులు ఆనించి ఉంచేవారు. ఆఖరున ఒక్క చిన్న నొక్కు. టిక్కుమని చప్పుడయ్యేది. అంతే.

వీధికి అవతల, ఆయన వరండాకు ఎదురుగా, వేరుశెనగలు వేయించి అమ్ముకునే ఒక ముసలామె ఉండేది. కాళ్ళు ముందుగా వచ్చి పుట్టిన మనిషి. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు పట్టేసినచోట ఎడమకాలితో మూడుసార్లు తంతే పట్టు వదిలేస్తుందని మా వైపు నమ్మకం. అందుకే అందరూ ఆమెను కాళ్ళమ్మ అనేవారు. ఆదివారం పూట ఆమె పొయ్యి దగ్గర నడుములు పట్టేసినవాళ్ళు, మెడలు పట్టేసినవాళ్ళు కూడేవారు. ఇందుకు ఆమె ఏమీ పుచ్చుకునేది కాదు. తన్నించుకున్నవాళ్ళు తలో గుప్పెడు శెనగలు కొనుక్కుని పోయేవారు. మామూలు మనిషికి పాదం ఆనించి ఒక్క తోపు తోసేది. మోటు మనిషికి మోటు తన్ను.

ఆమెకూ డాక్టరుగారికీ వీధికి అడ్డంగా పరాచికాలు నడిచేవి. రోగులందరినీ నువ్వే పట్టుకుపోతున్నావు కాళ్ళమ్మా అని ఆయన అంటే, నీ దగ్గర సొక్కా ఇప్పాల బాబూ, నా దగ్గర అక్కర్లేదు అనేది. ఒక్కోసారి రోగిని వీధిలో అటూ ఇటూ నడిపించి, ఎలా నడుస్తున్నాడని ఆయన ఆమెను కేకేసి అడిగేవారు. ఎడంకాలు ఈడుస్తన్నాడు అని ఆమె మూకుడు కలుపుతూనే చెప్పేది.

ఆ తన్నులో నిజంగా ఏమన్నా ఉందా అని నేను అడిగితే ఆయన నవ్వలేదు. వీపు తిప్పి నించున్నవాడికి కాలు ఎప్పుడు తగులుతుందో తెలియదు, బిగబట్టుకుని బిగబట్టుకుని ఒక్కసారి వదిలేస్తాడు అన్నారు. తాను ఊపిరి వదలమని అడిగి చేసే పని ఆమె అడక్కుండా చేస్తుందట. ఆ మాట నాకు చాలా నచ్చింది. ఆ ఆదివారందాకా.

మా బావది సాలూరు. సొంత లారీ. జయపురం ఘాటీ కొండదారిలో ఎక్కి దిగి కండలు తిరిగిన మనిషి. ఇంట్లో ఉన్నంతసేపూ ఎవరినో ఒకరిని ఆటపట్టించకుండా ఉండలేడు. కార్తీకం నుంచి కుడిభుజం లాగుతోందని అంటున్నాడు. స్టీరింగు తిప్పి తిప్పి పట్టేసిందని అందరం అనుకున్నాం. ఆముదం రాశారు, కాపడం పెట్టారు. ఆ ఆదివారం అక్క అతన్ని బస్సులో ఎక్కించుకుని నా దగ్గరకు తీసుకొచ్చింది. బస్సు దిగుతున్న బావను చూసి నేను ఉలిక్కిపడ్డాను. చొక్కా అతనిది కాదేమో అన్నట్టు వేలాడుతోంది.

"ఏటి బావా, అలా సూస్తావు? మీ అక్క వంట మానీసింది" అన్నాడు.

అక్క నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి, ఎడమపక్క తిరిగి పడుకోలేకపోతున్నాడని, సాయంత్రాలు ఒళ్ళు కాలుతోందని, ఎవరికీ చెప్పనివ్వడం లేదని చెప్పింది. మీ డాక్టరు భుజం బాగుచేసేస్తే చాలు, మళ్ళీ లారీ ఎక్కుతాడు, ఇల్లు మామూలుగా ఉంటుంది అంది.

డాక్టరుగారు మెట్ల దగ్గర బావ చెప్పులు చూశారు. రెండూ సమానంగా అరిగి ఉన్నాయి. ఆ సంగతి ఆయనకు నచ్చలేదని మొహం చూస్తే తెలిసింది. భుజాన్ని అన్ని వైపులా తిప్పి చూశారు. భుజం ఎటు తిప్పితే అటు హాయిగా తిరిగింది. తర్వాత బావను బల్లమీద బోర్లా పడుకోబెట్టి, కుడివైపు వీపు కింద, పక్కటెముకలమీద, రెండు అరచేతులూ ఒకదానిమీద ఒకటి ఆనించారు.

"ఊపిరి వదలండి."

బావ వదిలాడు. సగంలో వెక్కినట్టు ఒక చప్పుడు వచ్చి ఊపిరి ఆగిపోయింది. డాక్టరుగారి చేతులు కాలిన పెనంమీదినుంచి లేచినట్టు లేచాయి. నేనెప్పుడూ ఆయన చేతులు అలా లేవడం చూడలేదు. బావను వెల్లకిలా తిప్పి, కుడివైపు డొక్క కింద వేళ్ళు ఆనించారు. పక్కటెముకల మధ్య ఒకచోట ఒక్క వేలితో తాకారు. ఘాటీలో టైరు పేలినా నవ్వే మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ మధ్య జిగట విరేచనాలు అయ్యాయా అని డాక్టరుగారు అడిగారు. దసరా ముందు జయపురంలో పట్టుకున్నాయని, నాలుగు రోజులు కల్లు తాగితే అవే తగ్గాయని బావ చెప్పి, దానికీ నా భుజానికీ ఏటి సంబంధం అన్నాడు.

ఈ భుజం ఏ పాపమూ ఎరగదు, నేను దీనిమీద చెయ్యి వెయ్యను అన్నారు డాక్టరుగారు. ఆ విరేచనాల క్రిమి కాలేయానికి పాకి అక్కడ చీము పట్టినట్టుంది, అది ఊపిరితిత్తుల కిందుండే పొరను ఒరుసుకుంటే నొప్పి భుజంలో తెలుస్తుంది, వెంటనే విశాఖపట్నం పెద్దాసుపత్రికి పోవాలి, నేనూ వస్తాను అన్నారు. నన్ను టాక్సీకి పంపి, చొక్కా వేసుకుని రావడానికి లోపలికి వెళ్ళారు.

నేను టాక్సీ మాట్లాడుకుని వెనక్కి వచ్చేసరికి వరండా ఖాళీగా ఉంది.

జరిగింది అక్క తర్వాత చెప్పింది. చేతికి పట్టు చిక్కక పెద్దాసుపత్రి అంటున్నాడని బావ అన్నాడట. అక్కకు భయం. పెద్దాసుపత్రి అన్న మాట ఆమె చెవిలో చావులాగే వినబడింది. ఎదురుగా కాళ్ళమ్మ ఉంది, ఆదివారం, ఊరంతా నమ్మే మనిషి. వీధి దాటారు. అక్క ఆమెకు దండం పెట్టి, నీ కాలు తగిలితే సాలు తల్లీ, నా పసుపు కుంకాలు నిలబెట్టు అందట.

నేను చూసేసరికి బావ రాతి అరుగుమీద కుడిచెయ్యి ఆనించి వంగి నిలబడ్డాడు. ఎడమచెయ్యి వెనక్కి తిప్పి వీపుమీద చోటు చూపిస్తున్నాడు. అంతకుముందు డాక్టరుగారి అరచేతులు ఆనినప్పుడు నొప్పి లేచిన చోటే. మోటు మనిషి కదా అని కాళ్ళమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది. గోడ పట్టుకుని ఎడమకాలు వెనక్కి లాగింది.

అప్పుడు డాక్టరుగారు వరండామీదికి వచ్చారు. చొక్కా బొత్తాలు సగమే పెట్టుకున్నారు. ఆయన కేక వెయ్యలేదు. మెట్లు దిగలేదు, దూకారు. చెప్పుల్లేని కాళ్ళతో, ఎదురొచ్చిన రిక్షాకు అడ్డంగా పడి వీధి దాటారు. ఎప్పుడూ గబగబా నడిచి ఎరగని మనిషి, ఊరి పెద్దలు లేచి నమస్కారం పెట్టే మనిషి, కంకరమీద మోకాళ్ళు ఊని పడి, పైకి లేచిన ఆ ముసలిదాని పాదాన్ని రెండు చేతులతోనూ వాటేసుకున్నారు.

వీధి వీధంతా బిగుసుకుపోయింది. మూకుడులో శెనగలు మాడుతున్న వాసన వస్తోంది.  ఆయన నుదురు ఆమె మడమకు ఆని ఉంది.

"బాబూ, నా కాలు ఒగ్గీ. నాకు పాపం సుట్టుకుంటాది. ఒగ్గీ బాబూ" అంది కాళ్ళమ్మ. 

"కాలు కిందికి దించుతానని చెప్పు. వదిలేస్తాను."

"ఏటైంది బాబూ?"

"ఇది తగిలితే ఈ మనిషి చచ్చిపోతాడు."

ఆ మాట మెల్లగానే అన్నారు. అయినా వీధి చివరిదాకా వినబడినట్టు నాకు అనిపించింది. అక్క ఉన్నచోటే కూలబడింది. కాళ్ళమ్మ పాదాన్ని ఆయన చేతుల్లోంచి మెల్లగా తీసుకుని, నేలమీద పెట్టడానికి కూడా భయపడినట్టు, వేళ్ళు మాత్రం ఆనించి నిలబడింది. బావ ఇంకా వంగే ఉన్నాడు. తిరిగి చూశాడు. మట్టి కొట్టుకుపోయిన డాక్టరును చూసి, ఏదో పరాచికం ఆడబోయి, ఆడలేకపోయాడు. లేచి నిలబడి, పద బావా అన్నాడు. అతని నోట అంత చిన్నగా మాట రావడం నేను వినడం అదే మొదటిసారి.

టాక్సీలో డాక్టరుగారు వెనకసీట్లో బావ పక్కన కూర్చున్నారు. గతుకు వచ్చినప్పుడల్లా ఎడమచేతిని అడ్డంగా చాచి అతని ఒళ్ళు ముందుకు తూలిపోకుండా ఆపుతున్నారు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు, దానిమీద రుమాలు కప్పి ఉంది. కొత్తవలస గేటు పడి ఉంది. కిరండూలు నుంచి ముడిఖనిజం బండి వస్తోంది. ఆ కొత్త లైను పేరెత్తితే చాలు, లారీలవాళ్ళ నోట్లో మట్టి కొట్టింది అని బావ తిట్టని రోజు లేదు. ఆ రోజు పెట్టె తర్వాత పెట్టె మా ముందునుంచి పోతుంటే అతను చూస్తూ ఊరుకున్నాడు. అక్క అతని చెయ్యి పట్టుకుంది. బండి ఎంతకీ తెగలేదు. 

పొద్దుగూకకముందే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. పక్కటెముకల మధ్యనుంచి లావుపాటి సూది దించి చీము తీశారు. తలుపు సందులోంచి నాకు గాజుపాత్ర కనబడింది. చీమంటే తెల్లగా ఉంటుందనుకున్నాను. అది ముదురు బెల్లం పాకం రంగులో ఉంది. పాత్ర నిండాక ఇంకో పాత్ర తెమ్మన్నారు. బయటికి వచ్చిన పెద్ద డాక్టరు ఈయనతో ఇంగ్లీషులో మాట్లాడి, నావైపు తిరిగి, చీముగడ్డ పొర పల్చబడిపోయి ఉంది, ఒక్క దెబ్బ తగిలి ఉంటే లోపలే పగిలేదండీ, అప్పుడు మేం చెయ్యగలిగింది తక్కువ అన్నాడు. నాకు ఆ గోడ పట్టుకున్న ముసలి చెయ్యి, వెనక్కి లాగిన కాలు కనబడ్డాయి.  డాక్టరుగారు రుమాలు తీశారు. కుడిమణికట్టు పొంగి ఉంది. అరచేతి తోలు లేచి కంకర అంటుకుని ఉంది. దారంతా ఆయన దాని సంగతి ఒక్క మాట చెప్పలేదు.

మర్నాడు ఉదయం మొదటి బండికి మేమిద్దరం విజయనగరం వచ్చేశాం. బావకు జ్వరం దిగింది. అక్క అతని దగ్గర ఉండిపోయింది.

వీధిలోకి వచ్చేసరికి కాళ్ళమ్మ పొయ్యి వెలిగించలేదు. డాక్టరుగారి మెట్లమీద కూర్చుని ఉంది. కాళ్ళు రెండూ చీర కింద దాచుకుంది. పక్కన ఆకులో నూరిన పసుపు, చింపిన గుడ్డపేలిక. మమ్మల్ని చూసి లేవలేదు.

"ఉన్నాడా?"

ఉన్నాడని నేను చెప్పాను. చీము తీశారని చెప్పాను. ఆమె కాళ్ళను చీర కిందికి ఇంకా ముడుచుకుంది.

"నాను సంపీద్దును గదా బాబూ. ఇన్నాళ్ళూ ఎందరిని తన్నీసానో. ఎవుడి లోపల ఏటున్నాదో నాకేటి తెలుసు. ఇంక ఈ కాలు ఎత్తను."

డాక్టరుగారు ఆమె పక్కన, అదే మెట్టుమీద కూర్చున్నారు. ఆయన అలా వీధిమెట్లమీద కూర్చోగా నేను ఎప్పుడూ చూడలేదు.  వాచిన చేతిని రెండో చేత్తో పట్టుకుని ఉన్నారు.  

"నిన్న నీకంటే ముందు నేనే చెయ్యి ఎత్తాను కాళ్ళమ్మా" అన్నారు. "బోర్లా పడుకోబెట్టి, సరిగ్గా అక్కడే రెండు చేతులూ వేశాను. భుజం బాగానే తిరుగుతోంది, చెప్పులు సమంగా అరిగాయి. అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. వీపులోనే పట్టుందనుకున్నాను. ఊపిరి వదలగానే నొక్కేద్దామనే ఉన్నాను. అతనికి నొప్పెట్టి ఊపిరి సగంలో ఆగింది గనక ఆగాను. పూర్తిగా వదిలి ఉంటే నొక్కేవాణ్ణి."

 నేను ఆ బల్ల పక్కనే నిలబడి ఉన్నాను. ఆ చేతులు లేవడం చూశాను. ఆ చేతుల కింద ఏముందో, అవి ఎంత దగ్గరకు వెళ్ళి వచ్చాయో నాకు అప్పటిదాకా తెలియదు. రాత్రంతా ఆయనను దేవుడనుకుంటూ వచ్చాను. ఆయన మాత్రం రైల్లో కిటికీవైపు తిరిగి, ఆ చేతినే చూసుకుంటూ వచ్చారు.

కాళ్ళమ్మ ఆయన మొహంలోకి చూసింది. తర్వాత చేతివంక చూసింది. చీర కిందనుంచి కాళ్ళు బయటికి చాపుకుని, పసుపు ఆకు ఒళ్ళోకి తీసుకుంది.

"అయితే ఇద్దరం సంపలేదు. మంచిదే" అంది. "సెయ్యి ఇలగియ్యి."

ఆయన చెయ్యి ఇచ్చారు.